హనోయ్ వెళ్లే వారం

మంగళవారం, చందానగర్

వియత్నాం ఫైలు ఇవాళ్టితో పూర్తయిందనుకున్నాను. మూడు వారాలుగా ఆఫీసులో భోజనం చేస్తూ వెతికింది అదే. వీసా, వానలు, హనోయ్‌లో శాకాహారం దొరికే వీధులు, అత్తయ్య మోకాళ్ల కోసం లిఫ్టు ఉన్న హోటల్. నవంబరు రెండో వారం ఖాయం చేశాను.

సాయంత్రం పక్క సీటు సునీత ఫైలు చూసి, "అన్నీ మంచిగనే చూసినవ్. ఆ వారంల మీ ఇంట్ల పూజలు గిట్ల ఏం లేవు గద?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది, మామయ్యగారి తద్దినం. తిథిని బట్టి ఏటా తారీఖు మారుతుంది కాబట్టి నా ఫోన్‌లో ఉండదు. కొడుకై ఉండీ రవికీ గుర్తు లేదు.

ఇంటికి రాగానే వంటింట్లో గోడ క్యాలెండర్ తిప్పాను. సరిగ్గా మా ప్రయాణం మధ్యలో ఒక తారీఖు చుట్టూ పెన్సిల్ సున్నా. అత్తయ్య ప్రతి ఏడూ క్యాలెండర్ తగిలించిన రోజే గీసి పెడతారు. అంటే ఆవిడకి తెలుసు. అయినా తారీఖులు చెప్పినప్పుడు, "మంచి వారమే అమ్మాయ్, ఖాయం చేసెయ్" అన్నారు.

"అత్తయ్యా, ఆ వారం మామయ్యగారి తద్దినం కదండీ?"

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న ఆవిడ తలెత్తలేదు. "ఇన్నేళ్లలో ఏనాడూ తప్పలేదమ్మాయ్. ఈ ఒక్కసారికి..." అని ఆగిపోయారు.

రవికి ఇంకా చెప్పలేదు. టికెట్లు రేపు పొద్దున తీసుకుంటానన్నాడు.

ఇందాక మంచినీళ్లకి వంటింట్లోకి వెళ్లాను. క్యాలెండర్‌లో సున్నా లేదు. కింద గట్టు మీద కాస్త రబ్బరు పొడి ఉంది.