అవ్వ కండ్లు తెరిచిన ఫోటో

చేవెళ్ల

చిన్నారి చెల్లె దీవెనకు,

ఇందుమూలంగా సకల జనులకు తెలియజేయునది ఏమనగా: గిద్యోను ఫోటో స్టూడియోలోని పాత కంప్యూటరును ఎవరూ ముసలిదని అనరాదు. దాని మీద చాయ్ గ్లాసు పెట్టరాదు. దాని ఫ్యాను దగ్గితే నవ్వరాదు. ఆజ్ఞ మీరినవారికి పాస్‌పోర్టు ఫోటోలో రెండు చెవులూ సమానంగా రావు.

ఈ దండోరా నా బిడ్డ ప్రవీణ కోసం. "బాపూ, గా డబ్బాను పాత సామాన్లోనికి ఎయ్యి. ఫోటోలన్నీ క్లౌడ్‌ల ఎక్కిచ్చిన" అన్నది. వాన పడితే మన మొఖాలన్నీ మొయినాబాద్ మీద కురుస్తాయా అని అడిగాను. "మబ్బు కాదు బాపూ, అదొక పెద్ద బిల్డింగు. ఫోటోలు ఆడుంటయ్, నువ్వు ఫోన్ల చూసుకుంటవ్" అన్నది. అంటే మన మొఖాలు ఎవరింట్లోనో కిరాయికి ఉంటున్నాయన్నమాట.

అసలు సంగతి వేరే. వచ్చే ఆదివారం మనల్ని కన్న అవ్వ జ్ఞాపకార్థ కూడిక. పెద్ద పటం కట్టించమన్నావు. ఆమెకు ఉన్నది ఒక్కటే ఫోటో. మన చర్చివాళ్ల పిచ్చి అలవాటు నీకు తెలుసు కదా, పాస్టరు ప్రార్థన మొదలుపెడితే ఎవరూ కదలరని అప్పుడే ఫోటో కొడతాం. నీ పెండ్లిలో అట్లా కొట్టిందే అది. అవ్వ కండ్లు మూసుకుని ఉంటుంది.

నిన్న ప్రవీణ క్లౌడ్‌లోని ఆ ఫోటోను ఫోన్లో తెరిచింది. అవ్వ కండ్లు తెరిచి ఉన్నాయి.

నేను ముట్టలేదు. పిల్ల ముట్టలేదు. ఫోన్ బోర్లా పెట్టి మళ్లీ చూశాను. తెరిచే ఉన్నాయి. "మూసుకున్న కండ్లను క్లౌడే సరిచేస్తదేమో బాపూ" అన్నది. "ఎవరి కండ్లతోని?" అని అడిగాను.

పాత డబ్బాలో మాత్రం అవ్వ ఎప్పటిలాగే కండ్లు మూసుకుని ఉంది. ఏది కట్టించాలో రాయి. ఫోన్ చేయకు, అది వింటుందేమోనని నాకు అనుమానం.

నీ అన్న
గిద్యోను

శంకర్‌పల్లి

గిద్యోనన్నకు,

బావిలో దయ్యమున్నదని చిన్నప్పుడు నన్ను నీళ్లకు పోనియ్యకుండా ఏడిపించినవాడివి, నిన్నెట్లా నమ్మాలి? కానీ ప్రవీణ నాకు ఆ ఫోటో పంపింది. ఇంట్లో ఏ మూల కూర్చున్నా అవ్వ నా దిక్కే చూస్తున్నది. ఫోన్ దిండు కింద పెట్టినా చూస్తున్నట్టే ఉన్నది.

అయినా అదే కట్టించు. దవాఖానలో అవ్వ నా కోసం తలుపు దిక్కు చూసీ చూసీ పోయిందని అందరూ అన్నారు. నేను వచ్చేసరికి నాకు మూసుకున్న కండ్లే దొరికాయి. ఒక్కసారి అవ్వను నా దిక్కు చూడనియ్యి అన్నా. ఆ డబ్బాను అమ్మేయ్. కానీ ఆ కండ్లు ఎవరివో చెప్పు. భయమైతున్నది.

నీ చెల్లె
దీవెన

చేవెళ్ల

దీవెనా, బంగారూ,

ఫికర్ చేయకు. ఆ కండ్లు నీవే. స్టూడియోలో ఇది మాకు రోజూ ఉండే పని. పోయినవాళ్ల కండ్లు మూసి ఉంటే వాళ్ల బిడ్డల ఫోటోలోంచి కత్తిరించి అతికిస్తాం. "అచ్చం మా నాయన చూసినట్టే ఉన్నదన్నా" అని కొడుకులు ఏడ్చి పోతారు. నేనే నీవి తీసి పెట్టి, నిన్ను భయపెడదామని అట్లా రాశాను.

అయినా పటం మాత్రం పాత డబ్బాలోని ఫోటోతోనే కట్టించాను. కోపం చేసుకోకు. తలుపు దిక్కు చూసీ చూసీ అన్నవాళ్లు ఆ గదిలో లేరు, నేనున్నాను. అవ్వ నీ పేరు పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది, కండ్లు మూసుకుంది, ఆమేన్ వరకు రాలేదు. నీ పెండ్లిలో ఎట్లా నిలబడ్డదో అట్లాగే పోయింది. ఆ కండ్లను తెరిచే హక్కు నీకూ లేదు, నాకూ లేదు, ఆ బిల్డింగుకు అసలే లేదు. డబ్బాను అమ్మను. దాని ఇంటర్నెట్ వైరు పీకేశాను.

ఆదివారం పటం చూడగానే ఎట్లాగూ పట్టేస్తావు కాబట్టి ఇప్పుడే ఒప్పుకుంటున్నాను. నీ కండ్లు కత్తిరించానన్నది శుద్ధ కల్పితం. నా దగ్గర నీ ఫోటో ఆ పెండ్లిది ఒక్కటే. అందులో అవ్వ పక్కన నువ్వున్నావు, పాస్టరు ప్రార్థన చేస్తున్నాడు, నీ కండ్లు కూడా మూసే ఉన్నాయి.

నీ అన్న
గిద్యోను