జ్ఞానదంతం తీయించుకున్న రోజు

షెఫీల్డ్

కరుణక్కకు చెల్లి సునీత వందనాలు. నువ్వూ బావా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? దేవుని దయవల్ల నేను బాగున్నాను. ఇది చదివి కంగారుపడకు, నిజంగానే బాగున్నాను.

ఆమధ్య ఫోన్లో నా గొంతు అదోలా ఉందన్నావు. కింద కుడివైపు జ్ఞానదంతం అడ్డంగా పెరిగి పక్క పన్నును నెట్టింది. బస్టాపులో చలిగాలి తగిలితే చెవి దాకా లాగేది. చివర్లో అన్నం నమలలేక జావ తాగి డ్యూటీకి వెళ్లాను. డెంటిస్టు పెద్దాసుపత్రికి రాశాడు.

నా భయం నీకు తెలుసుగా. చిన్నప్పుడు ఒంగోలులో నాన్న చేతులు పట్టుకుంటే, కాంపౌండరు తల పట్టుకుంటే, మత్తు ఎక్కకముందే పన్ను పీకేశారు. ఎంత అరిచినా ఆపలేదు. వార్డులో రోజూ అందరికీ సూదులు పొడిచే నాకు ఇప్పటికీ ఆ కుర్చీ చూస్తే చెమటలు పడతాయి. సిగ్గుపడుతూనే ఆసుపత్రిలో చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నరానికి మత్తుమందు ఇచ్చి తీద్దామన్నారు. పూర్తిగా నిద్రపోమట, మాట వినపడుతుంది, భయం మాత్రం సన్నగిల్లుతుంది. అయితే ఇంటికి తీసుకెళ్లి, మర్నాటిదాకా దగ్గరుండే మనిషి ఉండాలన్నారు.

అక్కడే నాకు దిగులేసింది. ఇక్కడ నాకెవరున్నారక్కా? మా ఇంట్లో పై గదిలో ఉండే స్వరూపది కరీంనగర్. వృద్ధుల కేర్‌హోంలో పని. మా డ్యూటీ వేళలు కలవవు, కిచెన్‌లో ఎదురుపడితే పలకరించుకోవడమే. మొహమాటపడుతూ అడిగాను.

"గింత దానికి గంత నసుగుతవేంది? ఒక్కదానివి ఎట్ల పోతవ్, నేనొస్త" అంది. ఆ రోజు షిఫ్టు వేరేవాళ్లతో మార్చుకుంది.

కుర్చీలో కూర్చోగానే నా బీపీ పెరిగిపోయింది. అక్కడి నర్సు పేరు మార్గరెట్, యాభై దాటి ఉంటాయి. పనిముట్ల ట్రే మీద గుడ్డ కప్పి నాకు కనపడకుండా వెనక్కి నెట్టింది. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"నువ్వు చెయ్యెత్తితే చాలు, ఆపేస్తాం. ఎందుకని అడగం" అంది.

పేషెంట్లతో ఇలాంటి మాటలు నేనూ అంటుంటాను కాబట్టి నమ్మలేదు. సూది తగలబోతుంటే చెయ్యెత్తాను. డాక్టరు సూది పక్కన పెట్టి వెనక్కి జరిగాడు. విసుక్కోలేదు, గడియారం వైపు చూడలేదు. నిజంగానే ఆగారక్కా! నాకు ఏడుపొచ్చేసింది. మార్గరెట్ టిష్యూ చేతిలో పెట్టింది. కాసేపటికి నా అంతట నేనే చెయ్యి చాచి, కానివ్వమన్నాను.

మందు ఎక్కాక ఒళ్లు తేలికైంది. ఆ తర్వాత తెలిసిందల్లా నోట్లో గుడ్డ ముక్క. ఎప్పుడు మొదలుపెడతారని ముద్దముద్దగా అడిగాను. అయిపోయిందన్నారు.

నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన స్వరూపను, "అక్క" అంటే ఏమిటని మార్గరెట్ అడిగిందట. మందు ఎక్కింది మొదలు తన చెయ్యి పట్టుకుని "అక్కా, ఉన్నావా" అంటూనే ఉన్నానట నేను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ప్రతిసారీ "ఇక్కడే ఉన్నాను" అని బదులిచ్చిందట. స్వరూప అర్థం చెబితే, "మా ఇంట్లో నేనే ఆఖరిదాన్ని, నన్నెవరూ అలా పిలవలేదు" అందట మార్గరెట్.

స్వరూప నన్ను టాక్సీలో తీసుకొచ్చి, పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టింది. పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. నా గదిలోనే కింద పరుపు వేసుకుని పడుకుంది. మర్నాడు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది.

"సునీతా, అక్కను. వాపెలా ఉంది?"

మార్గరెట్! అందులో తెలుగు మాట "అక్క" ఒక్కటే, అదీ వాళ్ల యాసలో. నేను బుగ్గ పట్టుకుని నవ్వాను.

వాపు పూర్తిగా తగ్గింది. వార్డుకు వెళ్తున్నాను, బాగా తింటున్నాను. వీలైతే గోంగూర పచ్చడి పంపు, స్వరూప అడిగింది. అమ్మకు ఈ సంగతి నెమ్మదిగా చెప్పు. పెద్దమ్మకూ పాస్టరుగారికీ నా వందనాలు. పిల్లలకు ముద్దులు. నీ ప్రార్థనలో నా పేరు పక్కన ఆ ఇద్దరి పేర్లు కూడా చేర్చక్కా.

నీ దీవెనలు కోరే చెల్లి,
సునీత