ఆరె పట్టడం యూట్యూబ్‌లో నేర్చుకోలేదు

నాన్నా,

నీ కూతురు రూతు రాస్తున్నది. ఇక్కడ నేను బాగున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నాయనమ్మ మందులు వేళకు వేసుకుంటున్నదా?

ఎడ్మంటన్‌లో చలికి నా ఊపిరి స్కార్ఫ్ మీద మంచుగా పేరుకుంటున్నది. వేళకు తింటున్నాను, దిగులు పడకు. ఇవన్నీ ఫోన్లోనే చెప్పవచ్చు. కానీ ఫోన్లో నేను కోపంగా మాట్లాడితే నువ్వు మాట మార్చి నాయనమ్మకు ఇస్తావు. అందుకే ఉత్తరం.

మా యూనివర్సిటీ మ్యూజియంలో చలికాలం శనివారాలు చేతిపనులు నేర్పుతారు. నేనూ, నా రూమ్మేట్ శిరీషా తోలు చెప్పుల క్లాసులో చేరాం. నేర్పేది బర్నిస్ గారు, ఇక్కడి క్రీ అనే ఆదివాసీ జాతి పెద్దావిడ. మూస్ అని గేదె కన్నా ఎత్తుండే జింక ఉంటుంది. దాని తోలుకు పొగ పెట్టి మెత్తన చేస్తారు. మొదటి రోజు ఆవిడ, తోలు ఇచ్చిన జంతువుకు థాంక్స్ చెప్పమంటే అందరూ తలలు వంచారు. శిరీష కూడా వంచింది.

రెండో వారం తోలుకు బెజ్జాలు పొడిచే ఆరె చేతికి ఇచ్చారు. ఇంగ్లీషులో దాన్ని ఆల్ అంటారట. కొత్త మాటలు రాసుకునే నా నోటుబుక్కులో రెండూ పక్కపక్కనే రాసుకున్నాను. తర్వాత ఏమి చేశానో నాకే తెలియదు. ఆరె మొనకు జిడ్డు అంటేలా నా నూనె తలలో ఒకసారి దూసి, తోలులో దించాను, నువ్వు చేసినట్టే.

శిరీష ఫక్కున నవ్వింది. "ఏంటే, చెప్పులు కుట్టేవాళ్లలాగా ఆ తల గోక్కోడం? ఇంతకీ మీరేమిట్లు?"

"వ్యవసాయం," అన్నాను.

"అది కాదే. ఏమిట్లు అని."

"ఎకరన్నర," అన్నాను.

మనకు సెంటు భూమి లేదు నాన్నా. నేను వీసాకు ఎన్ని నెలలు తిరిగానో నీకు తెలుసు. కులం అడిగే ఆ 'ఏమిట్లు' మాత్రం వీసా లేకుండానే సముద్రం దాటింది.

అంతలో బర్నిస్ గారు వచ్చి నా చేయి చూసి, "ఈ పట్టు బాగుంది. ఎవరు నేర్పారు?" అని అడిగారు. శిరీష పక్కనే ఉంది. "యూట్యూబ్‌లో చూశాను," అన్నాను.

ఇరవై ఏళ్లు బస్టాండు ఎండలో కూర్చుని చెప్పులు కుట్టి నన్ను చదివించిన మనిషిని యూట్యూబ్ చేశాను. నా మీద నాకు అసహ్యం వేసింది. నీ మీదా కోపం వచ్చింది. ఎయిర్‌పోర్టులో నా తల నిమిరి, "అక్కడ మన పని సంగతి ఎత్తమాకమ్మా," అన్నావు. నన్ను కాపాడాలని అన్నావు, తెలుసు. కానీ అది నా నోటికి వేసిన కుట్టయింది.

మొన్నటితో క్లాసు అయిపోయింది. మా చెప్పులన్నీ మ్యూజియం హాల్లో పెట్టారు. ప్రతి జత పక్కనా ఒక కార్డు. 'ఎవరి దగ్గర నేర్చుకున్నారు?' అన్నచోట ఇంగ్లీషులో రాశాను: మా నాన్న ఏసోబు, చెప్పులు కుట్టే మాదిగ. పనిముట్టు పేరు అడిగినచోట తెలుగులో 'ఆరె' అని రాశాను. శిరీష ఆ కార్డు చదివింది. మర్నాడు పొద్దున మేమిద్దరం తినే ఆవకాయ సీసా మా వంటింటి అల్మారాలో లేదు. తన మంచం కింద ఉంది.

"స్మెల్ వస్తోందని తీశా," అన్నది, నా కళ్లలోకి చూడకుండా.

"ఆవకాయా, నేనా?" అన్నాను. వేరే గది వెతుక్కోమంటావేమో. నేను వెతకను. ఈ గదిలో నేను ముందు చేరాను.

ఒక పని చేసిపెట్టు. బొటనవేలి దగ్గర తోలును మడతలు మడతలుగా దగ్గరకు లాగే కుట్టుకు నువ్వు ఒక మాట అనేవాడివి. ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. కార్డులో కుట్టు పేరు రాయాల్సిన గీత మీద ఖాళీ వదిలాను. బర్నిస్ గారు రెండు నెలలు ఆగుతామన్నారు. మాట మార్చకుండా ఆ ఒక్క మాట రాసి పంపు.

నాయనమ్మకు నా దండాలు. తమ్ముడిని పేపరు చదవమను. నీ దీవెన నా తల మీద ఉండాలి, ఆ నూనె తల మీదే.

చెప్పులు కుట్టే ఏసోబు కూతురు,
రూతు