పొయ్యి చుట్టూ తాడు

తుంపాల కరుణకుమారి అనే నేను, కీర్తిశేషులైన సాల్మన్‌రాజు గారి భార్యను, అనకాపల్లి జిల్లా నర్సీపట్నంలో కోటవురట్ల రోడ్డు పక్కన కాపురం ఉంటూ, పెళ్లిళ్లకూ సభలకూ వంటలు ఒప్పుకుని చేయించే వృత్తిలో ఉన్నదాన్ని, నా చేత్తో నేనే రాసుకున్న వీలునామా ఇది.

నాకు జబ్బు గుండెకు వచ్చింది గాని బుద్ధికి రాలేదు. వచ్చే నెల విశాఖపట్నంలో ఆపరేషను. నిన్న సాయంత్రం కూడా రోలుగుంట నుంచి వచ్చిన పెళ్లివారికి ఐదు వందల మందికి బియ్యం ఎంత, నూనె ఎంత, ఉల్లిపాయలు ఎంత అన్నది తడుముకోకుండా చెప్పి పంపాను. ఇది రాయమని నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. ఇంతకు మునుపు వీలునామా ఏదీ రాయలేదు. నేను బతికి ఉన్నంతకాలం నా ఆస్తి నాదే. మనసు మారితే ఇందులో మాటలు మార్చుకునే హక్కు కూడా నాదే. నా తర్వాతే ఇవి అమలులోకి వస్తాయి.

ఈ కాగితం చూసిన వకీలు గారు, "ఎవరికి ఏం ఇస్తున్నారో రాస్తే చాలమ్మా, జరిగిందంతా ఎందుకు?" అన్నారు. నేను ఇచ్చేదానికి షరతులు పెడుతున్నాను. కారణం తెలియని షరతును మొదటి ఏడాది పాటిస్తారు, తర్వాత విసుక్కుంటారు, ఆ తర్వాత మరిచిపోతారు. అందుకని జరిగింది కూడా రాస్తున్నాను.

1. ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యత మా వీధిలో ఉంటున్న రిటైర్డు నర్సు రోజారమణి గారికి అప్పగిస్తున్నాను. ఆవిడ ఏమీ తీసుకోనన్నారు. మా పెరట్లో కరివేపాకు మాత్రం ఆవిడ ఎప్పుడు కావాలంటే అప్పుడు కోసుకోవచ్చు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా అడ్డు చెప్పకూడదు.

2. నేను కాపురముంటున్న పెంకుటిల్లు, దాని ఖాళీ స్థలం, నా స్వార్జితం, నా కొడుకు జీవరాజుకు సర్వహక్కులతో చెందుతాయి. బాబూ, పరవాడలో మందుల కంపెనీలో చేరిన కొత్తలో నువ్వు ఫోను చేసి, "అమ్మా, బూట్లు, టోపీ లేపోతే గేటు దాటనివ్వరు. నిన్న మా మేనేజరునే ఎనక్కి పంపీసేరు" అన్నావు. నేను నవ్వాను. ఆ మాట నాకు చాలా పనికొచ్చింది. అది కింద రాస్తున్నాను. మీ నాన్న ఆదివారాలు చర్చికి తొడుక్కెళ్లిన తెల్ల కోటు కూడా నీకే. నీ భుజాలకు పట్టదు. అయినా ఉంచుకో. ఆయన హాస్టల్లో పిల్లలకు వండి పెట్టే రోజుల్లో ఆ ఒక్క గుడ్డకే నూనె మరక పడకుండా చూసుకునేవారు.

3. నా వృత్తికి సంబంధించిన గుండిగలు, డేక్సాలు, తెడ్లు, గరిటెలు, గ్యాసు పొయ్యిలు, సామాను పెట్టే షెడ్డు, పెళ్లివారందరికీ తెలిసిన నా ఫోను నంబరుతో సహా, మా బృందంలో పనిచేస్తున్న గొలగాని వరహాలక్ష్మికి చెందుతాయి.

వరహాలక్ష్మి నాకు చుట్టం కాదు. కులం వేరు, మతం వేరు. ఆవిడ శనివారం ఒక్కపొద్దు ఉంటుంది, నేను ఆదివారం చర్చికి పోతాను. ఇంత ఆస్తి ఆవిడకు ఎందుకు అని అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి చెబుతున్నాను.

2017 మే నెలలో కోటవురట్ల దగ్గర ఒక రైతు ఇంట పెళ్లి. మగపెళ్లివారు అనుకున్నదానికన్నా ముందే దిగారు. పెళ్లికొడుకు మేనమామ వంటల దగ్గరికే వచ్చేసి, "బంతి కూకుండిపోయిందమ్మా, ఇంకా గంజే వార్సలేదేటి? బేగి కానివ్వండి!" అని మా నెత్తిన నిలబడ్డాడు. వరహాలక్ష్మి, మా బృందంలోనే పనిచేసే బేబి చెరో వైపు గుడ్డలు పట్టుకుని అన్నం గుండిగ లేపారు. అంతకు ముందు వార్చిన గంజితో నేల జారుడుగా ఉంది. వరహాలక్ష్మి పాదం జారింది. గుండిగ బేబి మీదికి ఒరగబోతుంటే తన వైపుకు లాక్కుంది. ఈ సంగతి ఆ పూట ఎవరికీ తెలియదు. తర్వాత బేబి ఏడుస్తూ చెప్పింది.

మరుగుతున్న గంజి పడి వరహాలక్ష్మికి మోకాళ్ల నుంచి పాదాల దాకా కాలింది. కట్టుకున్నది నైలాను చీర, ఒంటికి అంటుకుపోయింది. ఒకరు పళ్ల పేస్టు తెమ్మన్నారు, ఒకరు సిరా పొయ్యమన్నారు, ఇంకొకరు చీర లాగబోయారు. ఎప్పుడో రోజారమణి గారు చెప్పిన మాట నాకు గుర్తొచ్చింది: కాలినచోట ముందు చల్లని నీళ్లు, ఎంతసేపైనా నీళ్లే. చీర లాగనివ్వలేదు. తాగడానికి పెట్టిన డ్రమ్ములో నీళ్లన్నీ ఆవిడ కాళ్ల మీద పోయించాను. "సుట్టాలకి మంచినీళ్లుండొద్దేటి?" అని మేనమామ అరిచాడు. "మీ సుట్టాలు కాసేపు ఆగుతారండి, ఈ కాళ్లు ఆగవు" అన్నాను.

ఆటోలో తల నా ఒళ్లో పెట్టుకుని పడుకుంది. కాళ్ల మీద తడిగుడ్డలు. నొప్పికి మందేదైనా అడుగుతుందేమో అనుకున్నాను. "పిన్నీ, నన్ను పన్లోంచి తీసీకండి. నాల్రోజుల్లో లేసి వచ్చెత్తాను" అంది. ఆవిడ జుట్టు నిమురుతూ కూర్చున్నాను, అంతే.

నర్సీపట్నం ఆసుపత్రి నుంచి విశాఖపట్నం పంపారు. తొడ నుంచి చర్మం తీసి అతికారు. ఆ వేసవికి ఒప్పుకున్న పెళ్లిళ్లు వేరే వంటవాళ్లకు అప్పగించి నేను ఆవిడ మంచం పక్కనే ఉన్నాను. పనికి వచ్చినట్టే ఆవిడ కూలి ఆవిడ ఇంటికి చేరుతూ వచ్చింది.

క్రిస్మస్ ముందు తిరిగి పనిలోకి వచ్చింది. కూరగాయల దగ్గర కూర్చోబెట్టాను. ఎలా ఉందని అడిగితే, "బాగున్నాను పిన్నీ, నాకేటీ భయం లేదు" అనేది. ఒకరోజు వెనక ఎవరో గుండిగ మూత తీస్తే ఆవిరి బుస్సుమంది. ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. కత్తిపీట మీద వేలు తెగింది. రక్తం కొంగులో దాచుకుని వంకాయలు తరుగుతూనే ఉంది. నేను పక్కన కూలబడి వేలికి గుడ్డ చుడుతూ, "భయమని సెప్తే పని పోదే. సెప్పకపోతేనే ఏలు పోద్ది" అన్నాను. అప్పుడు ఏడ్చింది. కాలిన రోజున కూడా అలా ఏడవలేదు.

ఆ తర్వాత చాలాకాలం పొయ్యికి దూరంగానే పని చేసింది. పెళ్లివారితో మాట్లాడడం, సరుకు చూసుకోవడం, కొత్తగా వచ్చినవాళ్లకు పని చెప్పడం. నేను ఒక్కసారి కూడా పొయ్యి దగ్గరికి రమ్మనలేదు. మూడేళ్ల కిందట రోలుగుంటలో క్రైస్తవ సభలకు వండుతున్నాం. పప్పు దగ్గర ఉన్న బేబి ఉన్నట్టుండి జ్వరం వచ్చి కూర్చుండిపోయింది. వరహాలక్ష్మి లేచి, పొయ్యి దగ్గరవాళ్లు వేసుకునే బూట్లు తొడుక్కుని, నెమ్మదిగా నడిచి వచ్చి తెడ్డు అందుకుంది. నేను పక్కన నిలబడ్డాను. ఆవిడ పెదవులు కదులుతున్నాయి, వాళ్ల అప్పన్నకు మొక్కుకుంటోంది కాబోలు. నేనూ నా ప్రభువును అడిగాను. పప్పు ఉడికింది. ఆవిడ చెమట తుడుచుకుని, పొయ్యిల చుట్టూ కట్టిన ఎర్ర తాడు వైపు చూసి, "పిన్నీ, ఆ తాడు ఇంకాస్త ఎనక్కి కట్టించండి. పిల్లలు ఆడుకుంటా ఇటొస్తన్నారు" అంది.

ఆ క్షణాన నా మనసులో ఈ వీలునామా రాయడం అయిపోయింది.

4. పై ఆస్తిని వరహాలక్ష్మి గాని, ఆవిడ తర్వాత ఎవరు గాని అనుభవించడానికి షరతులు ఇవి.

గుండిగ ఎత్తి గంజి వార్చడం ఇప్పుడు మా బృందంలో లేదు, ఇకమీదట కూడా ఉండకూడదు. అడుగున జల్లెడ రేకు వేసి పక్కన కుళాయి బిగించిన గుండిగలు నేను వెల్డింగు షాపులో చేయించాను. అవి పాడైతే బాగుచేయించాలి గాని పాత పద్ధతికి పోకూడదు. పొయ్యి దగ్గర పనిచేసేవాళ్లకు జారని బూట్లు, నూలు బట్టలు మనమే ఇవ్వాలి. నా కొడుకు కంపెనీలో మేనేజరును వెనక్కి పంపినట్టే, బూట్లు లేకుండా వస్తే వరహాలక్ష్మినైనా వెనక్కి పంపాలి.

పొయ్యిల చుట్టూ ఎర్ర తాడు కట్టాలి. పనివాళ్లు తప్ప ఎవరూ అది దాటకూడదు. పెళ్లికొడుకు మేనమామ అయినా సరే, తాడు అవతల నిలబడే తొందరపెట్టాలి.

బయానా తెచ్చినవారిని మెనూ కన్నా ముందు, "మా ఆడవాళ్లకి బాత్రూం ఎక్కడండీ?" అని అడగాలి. ఇది చిన్న మాట కాదు. బేబి పనికి వచ్చిన కొత్తలో పొద్దుటినుంచీ చుక్క నీరు తాగేది కాదు. ఎందుకంటే వెళ్లడానికి చోటుండేది కాదు. అడగడానికి సిగ్గు. చివరికి మూత్రంలో మంట, చలిజ్వరం. రోజారమణి గారు మందులిచ్చి, నా వైపు తిరిగి, "మందు నేనిస్తాను, మరుగు మీరు సూపించాలి" అన్నారు. చోటు చూపించనివారి పెళ్లి మనకొద్దు. ఎంత పెద్దవాళ్లైనా సరే.

ఎండాకాలం వంటల మీద టెంటు లేకుండా పొయ్యి వెలిగించకూడదు. మజ్జిగ కుండ పనివాళ్ల కోసం వేరుగా ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం: ఒంట్లో బాగాలేదని గాని, భయంగా ఉందని గాని, ఇది ప్రమాదం అని గాని చెప్పినవాళ్లను పని నుంచి తీసేయకూడదు, చులకన చేయకూడదు. తప్పు అనిపిస్తే పని ఆపే హక్కు అందరికీ ఉంది. నిన్న చేరిన మనిషికి కూడా.

5. బ్యాంకులో నా పేరున ఉన్న డిపాజిట్టు మీద వచ్చే వడ్డీ, మా బృందంలో జబ్బుపడినవాళ్ల కూలికీ, మందులకూ, ఏడాదికోసారి డాక్టరు పరీక్షలకూ వాడాలి. రోజారమణి గారు చూసుకుంటారు. అడిగిన మనిషిని ఎవరూ పదిమంది ముందు ప్రశ్నించకూడదు.

6. బేబికి నా నూలు చీరలన్నీ, మడత మంచం. మంచం మధ్యాహ్నం నడుం వాల్చడానికి. దాని మీద ఉల్లిపాయల బస్తాలు పెట్టినట్టు తెలిస్తే నేను ఊరుకోను, ఎక్కడున్నా సరే. తల్లీ, నీ మీద పడబోయింది నీ తప్పు కాదు. వరహాలక్ష్మి లాక్కుంది నీ మీద ఇష్టంతో. దాన్ని బరువులా మోయకు.

7. నా మరిది జోసఫ్ రాజు షామియానాలు, కుర్చీలు ఒకప్పుడు మా వంటలతో కలిసి నడిచేవి. వరహాలక్ష్మి ఆసుపత్రిలో ఉండగా వచ్చి, "వదినా, జరిగింది ఆళ్ల పెళ్లిలో, ఆళ్లనే అడగమను. మనం పన్లోకి పిలిసేం గాని పడిపొమ్మన్లేదు కదా! ఇయ్యాల ఈవిడికి అలవాటు సేస్తే, రేపు జొరమొచ్చినా కూలి అడుగుతారు" అన్నాడు. "అడగనీ, ఇద్దాం" అన్నాను. అంతటితో తన సామాను విడదీసుకుని వెళ్లిపోయాడు. ఆ మాట ఆవిడ మంచం పక్కనే నిలబడి అన్నాడు. ఆవిడ కళ్లు మూసుకుని ఉంది గాని నిద్రపోవడం లేదు. అందుకే నాకు కోపం. ఇన్నేళ్లకు తగ్గింది గాని పోలేదు. పోయిందని రాస్తే అబద్ధం అవుతుంది.

జోసఫ్ రాజుకు ఇప్పుడు షుగరు. కాళ్లకు స్పర్శ తగ్గిందని విన్నాను. మొన్న చర్చి మెట్ల మీద వట్టి కాళ్లతో ఎండలో నిలబడి ఉండడం చూశాను. షుగరువాళ్ల కోసం చేసే మెత్తటి చెప్పులు తన కొలతకు చెప్పి చేయించాను. నా బీరువా కింది అరలో ఉన్నాయి. అవి తనవి. రాత్రి పడుకునేముందు అరికాళ్లు అద్దంలో చూసుకోమని వదిన చెప్పిందని చెప్పండి.

8. నా భూస్థాపన సాదాగా జరగాలి. జ్ఞాపకార్థ కూడిక నాడు భోజనాలు ఎలాగూ తప్పవు. ఆ రోజు మా బృందంలో ఎవరూ గరిటె పట్టకూడదు. కొయ్యూరు నుంచో ఇంకెక్కడినుంచో వేరే వంటవాళ్లను పిలిపించండి. మావాళ్లు ఇన్నేళ్లలో ఎన్ని వేల మందికి వడ్డించారో లెక్కలేదు. వాళ్లు ఒక్కసారి కూడా బంతిలో కూర్చుని, ముందు ఆకు వేసుకుని, నిదానంగా తినడం నేను చూడలేదు. అందరూ వెళ్లాక గిన్నెల మధ్య గొంతుక్కూర్చుని, అడుగున మిగిలింది తింటారు. ఆ రోజు మొదటి బంతి వాళ్లది. పాస్టరు గారు రెండో బంతిలో కూర్చుంటారు, నేను అడిగి ఒప్పించాను.

జీవరాజూ, నువ్వే వడ్డించు. బేబి "సాలు బాబూ" అంటుంది, వినకు. శనివారం పడితే వరహాలక్ష్మికి పప్పు, కూర వేరే గిన్నెలో వండించు. మధ్యలో ఏదో అందించడానికి లేవబోతుంది, భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టు. కూరలో ఉప్పు ఎక్కువైనా, అన్నం మెత్తబడినా, వండినవాళ్లను ఎవరూ ఏమీ అనకండి.

ఇందులోని ప్రతి మాటా చదువుకుని, నా ఇష్టంతో, సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను. సాక్షి సంతకం తాను పెడతానని బేబి పట్టుబట్టింది. ఇందులో తనకు చీరలూ మంచమూ ఉన్నాయి కాబట్టి కుదరదని వకీలు గారు చెబితే, గుమ్మం దగ్గర కూర్చుని చూస్తోంది.

నర్సీపట్నం,
2025 నవంబరు 17, సోమవారం.

(సంతకం) తుంపాల కరుణకుమారి

కరుణకుమారి గారు మా ఎదుట, నిమ్మళంగా, తెలివితో సంతకం చేయగా, వారి ఎదుట మేమూ చేశాము:

సాక్షి 1. ఈశ్వరరావు, రిటైర్డు ఉపాధ్యాయుడు, నర్సీపట్నం.
సాక్షి 2. ధర్మతేజ, మందుల షాపు, నర్సీపట్నం.