పదిహేడో మేకు మీది తాళంచెవి

మార్ల్ కౌంటీ షెరీఫ్ శ్రీ లైల్ బ్రాచెట్ గారి సముఖమునకు,
నెబ్రాస్కా రాష్ట్రం, మార్ల్ కౌంటీ, ఉత్తరపు దారిలో తొమ్మిదో మైలు వద్ద కాపురముంటున్న పశువుల రైతు ఓర్విల్ కుచెరా, వయసు డెబ్బై ఆరు, వ్రాసుకున్న అర్జీ.

మార్చి 19, బుధవారం.

అయ్యా,

విషయం: తమ కార్యాలయపు గోడబల్లకు పదిహేడో మేకున వేలాడుతున్న తాళంచెవిని ఈ శనివారం లోపల తిరిగి ఇప్పించుట గురించి.

ముందుగా మనవి చేసుకునేది, ఇది తమ సిబ్బంది మీద ఫిర్యాదు కాదు. అర్జీ పెట్టమని చెప్పింది తమ డెప్యూటీ కెండ్రా పోల్ గారే. "షెరీఫ్ గారు చెవిన పడింది మర్చిపోతారు కుచెరా గారూ. కాగితం మీదుంటే మాత్రం పారెయ్యరు. నేను రెండుసార్లు నోటితో చెప్పి చూశాను" అన్నారు. అందువల్ల కాగితం మీద పెడుతున్నాను.

1. తమ కార్యాలయం ప్రజలకు దగ్గర కావాలని జనవరి నెలలో 'ముంగిట్లో షెరీఫ్' అనే కార్యక్రమం మొదలుపెట్టినది. డెప్యూటీ పోల్ గారు ఇంటింటికీ వచ్చి, బండిలో తాళంచెవి వదిలేసి ఉంటే అద్దం మీద పసుపు కార్డు పెట్టేవారు. కార్డు మీద "నేనే దొంగనైతే?" అని ఉండేది. రెండోసారి వచ్చినప్పుడు కూడా తాళంచెవి బండిలోనే ఉంటే దానిని తీసి, చీటీ కట్టి, కార్యాలయానికి తీసుకుపోయేవారు. యజమాని స్వయంగా వచ్చి, కాఫీ తాగి, అయిదు నిమిషాలు హితవు విని, సంతకం చేసి తీసుకోవాలి. ఈ నియమం మీద సంతకం తమరిది.

నియమం మంచిదే. కాని మా దారిలో బండిలో తాళంచెవి వదలడం నిర్లక్ష్యం కాదని మనవి. మా పొరుగు రైతు గస్ హోమ్‌కు గుండెనొప్పి వచ్చిన రోజున అతన్ని ఆస్పత్రికి చేర్చింది నా ట్రక్కు. నడిపింది ఉత్తరాలు పంచే ఆవిడ. ఆ సమయానికి నేను దూరపు పచ్చికలో కంచె బిగిస్తున్నాను. ట్రక్కు ఇంటి దగ్గర లేదన్న సంగతి నాకు సాయంత్రం దాకా తెలియదు. గస్ ఇప్పటికీ బతికే ఉన్నాడు. ఆ రోజు తమ పసుపు కార్డును గౌరవించి ఉంటే ఉండేవాడు కాదు.

2. ఫిబ్రవరి నెల పత్రికలో తమరు వ్రాసిన ముక్క చదివాను. జనవరిలో నలభై తాళంచెవులు తీసుకురాగా ఫిబ్రవరిలో అరవై రెండు తెచ్చామని, ఎంత చెప్పినా కౌంటీ ప్రజలలో నిర్లక్ష్యం పెరుగుతున్నదని తమరు బాధపడ్డారు. బాధపడవలసిన పని లేదు. కాఫీతో పాటు జైలు వంటగదిలో చేసిన దాల్చినచెక్క బన్నులు పెడుతున్నారు. అవి బాగున్నాయి. గస్ మూడుసార్లు తాళంచెవి పోగొట్టుకున్నాడు. మూడోసారి డెప్యూటీ గారు రావడం ఆలస్యమైతే ఫోను చేసి, "ఏమ్మా, మా దారి మర్చిపోయారా? తాళంచెవి పొద్దున్నుంచీ బండిలోనే ఉంది" అని గుర్తు చేశాడు. గుండె జబ్బు మనిషికి అన్ని బన్నులు మంచిది కాదు. ఆ సంగతి వేరే అర్జీలో వ్రాస్తాను.

3. ఇక అసలు విషయం. నా వాకిట్లో నీళ్ల ట్రక్కు ఒకటి ఉన్నది. 1978 నాటిది. దాని మీద వెయ్యి గ్యాలన్ల తొట్టి, పంపు, గొట్టం ఉన్నాయి. మా దారిలో ఎనిమిది కుటుంబాలకు అదే అగ్నిమాపక దళం. పట్నం నుంచి వచ్చే దళానికి ముప్పై ఎనిమిది మైళ్ల దారి. వాళ్లు మంచివాళ్లే, వస్తారు కూడా. వచ్చేసరికి గడ్డి ఉండదు.

ఈ ట్రక్కు తాళంచెవి ముప్పై ఒక్క సంవత్సరాలుగా ట్రక్కులోనే ఉన్నది. పొగ కనిపించినవాడు ఎవరైనా వచ్చి, ఎక్కి, పోవాలి. అడగకూడదు. అది మా అన్న ఎమిల్ పెట్టిన పద్ధతి. తమరు కూడా మా దారిలో పెరిగినవారే గనుక జ్ఞాపకం ఉండవచ్చును. తమరు మొదటిసారి నడిపిన వాహనం అదే. ఆ రోజు పొగ ఎక్కడా లేదు. పక్క ఊరిలో డాన్సు ఉన్నది. మర్నాడు ట్రక్కు కాలువలో దొరికితే ఎమిల్ దాన్ని ట్రాక్టరుతో లాగించాడే తప్ప అప్పటి షెరీఫ్‌కు చెప్పలేదు.

మార్చి 4, మంగళవారం నాడు నేను ఇంట్లో లేని సమయంలో ఆ తాళంచెవి తీసుకుపోబడినది. దానికి రెండోది లేదు.

4. మర్నాడే కార్యాలయానికి వచ్చాను. తమరు సభకు వెళ్లారట. గుమస్తా మార్వా గారు పుస్తకం తెరిచారు.

"ట్రక్కు ఎవరి పేరు మీదుంది?"

"మా అన్న ఎమిల్ కుచెరా పేరు మీద."

"అయితే ఆయన్నే రమ్మనండి. యజమానే రావాలి."

"రాలేడమ్మా."

"ఒంట్లో బాలేదా?"

"పంతొమ్మిదేళ్లుగా బాలేదు. చర్చి వెనక పడుకున్నాడు."

ఆవిడ కలం ఆపి నన్ను చూశారు. "అయ్యో, పెద్దాయనా" అన్నారు. తర్వాత పుస్తకంలో 'యజమాని ప్రస్తుతం అందుబాటులో లేరు' అని వ్రాసి, తాళంచెవిని పదిహేడో మేకుకు తగిలించారు. నేను తిరిగి వస్తుంటే వెనక నుంచి పిలిచి, "కనీసం బన్ను అయినా తినండి" అన్నారు. తిన్నాను. అబద్ధం వ్రాయను.

తాళంచెవులు చేసే అతని దగ్గరికీ పోయాను. అతనూ యజమాని కాగితమే అడిగాడు. తమరి ఉపన్యాసం విన్నాడట.

5. మార్చి 7, శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు మా పొరుగున ఉన్న శ్రీమతి అర్లీన్ విట్కా గారి పచ్చికలో మంట లేచినది. కరెంటు తీగ తెగి పడిందని తర్వాత తేలింది. అర్లీన్‌కు ఎనభై ఒకటి. భర్త పోయిన తర్వాత నలభై ఆవులతో ఒంటరిగా ఉంటున్నది. దక్షిణపు గాలి గట్టిగా ఉన్నది. నేను పొగ చూసి పరుగెత్తి నీళ్ల ట్రక్కు ఎక్కాను. చెయ్యి అలవాటుగా తాళంచెవి దగ్గరికి పోయింది. అక్కడ పసుపు కార్డు ఉన్నది.

వైర్లు కలిపాను. ఇంజను పలికింది. అయితే తాళంచెవి లేకపోతే ఆ ట్రక్కు స్టీరింగు బిగుసుకుపోతుంది. వెయ్యి గ్యాలన్ల నీళ్లతో ట్రక్కు నేరుగా నా కోళ్లగూడు దాకా పోయి, దాన్ని పడగొట్టి ఆగినది. కోళ్లు క్షేమం. గుడ్లు పెట్టడం మానేశాయి.

తర్వాత ట్రాక్టరుకు డిస్కు నాగలి తగిలించి మంటకు ఎదురుగా నేల దున్నుతూ పోయాను. గస్ తడి గోనెసంచులు తెచ్చాడు. వద్దంటే వినలేదు. అప్పుడే పొగ చూసి డెప్యూటీ పోల్ గారు వచ్చారు. కారు ఆపీ ఆపకముందే దూకి, గోనెసంచి అందుకుని, మాతో సమానంగా మంటను కొట్టారు. ఆమె బూటు ముందుభాగం కాలిపోయింది. ఈ మాట తమరు విడిగా గమనించాలని కోరుతున్నాను. ఆమె కారు ఇంజను తిరుగుతూనే ఉన్నది, తలుపు బార్లా తెరిచి ఉన్నది, తాళంచెవి దాని చోటనే ఉన్నది.

6. గాలి కొంచెం పడమటికి తిరిగి మంట కారు వైపు వచ్చినది. అర్లీన్ కేకేసింది.

"అమ్మాయ్! నీ కారు కాలిపోయేట్టుంది, తియ్యనా?"

"తియ్యండి, తియ్యండి!"

తీసింది. దున్నిన నేల మీదికి పావు మైలు దూరం నడిపింది. సైరను ఎలా మోగిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఆవులు మాత్రం ఆ చప్పుడుకు బెదిరి మంటకు అవతలి వైపు పోయాయి. ఒక్కటీ చావలేదు. గడ్డి చుట్టలు అరవై నాలుగు, దూడల పాక ఒకటి పోయినవి. దున్నిన చాలు దగ్గర మంట ఆగినది. పట్నం దళం వచ్చి పొగను ఆర్పినది.

ఆ తర్వాత జరిగిన సంభాషణను ఉన్నది ఉన్నట్టుగా వ్రాస్తున్నాను.

"అమ్మా, కారు తాళంచెవి ఏది?" అని డెప్యూటీ గారు అడిగారు.

"తీసేశాను. తలుపులన్నీ వేసి తాళం కూడా వేశాను. నువ్వే కదమ్మా చర్చిలో చెప్పింది, కారు దిగితే తాళం తీసుకోమని."

"ఇప్పుడెక్కడుంది?"

"భద్రంగా ఉంది."

"భద్రంగా అంటే ఎక్కడమ్మా? రేడియో కూడా లోపలే ఉండిపోయింది."

"అదే గుర్తు రావడం లేదు. మంట ఇటు వస్తుంటే అది కూడా గుర్తుపెట్టుకోవాలా?"

డెప్యూటీ గారు నేల మీద కూర్చున్నారు. ముఖమంతా మసి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు. "కుచెరా గారూ, ఈ మూడు నెలల్లో నా మాట విన్న మొదటి మనిషి ఈవిడే" అన్నారు. డెప్యూటీ గారిని నా సొంత ట్రక్కులో పట్నంలో దింపి వచ్చాను. నా ట్రక్కులో తాళంచెవి ఉన్నది. మర్నాడు తమ కార్యాలయంవాళ్లు రెండో తాళంచెవితో వచ్చి కారు తీసుకుపోయారు.

7. ఇది అర్జీకి అవసరమో కాదో తెలియదు. అర్లీన్ మొన్న ఆదివారం మా వంటింట్లో కూర్చుని, ఇంకొకసారి మంట వస్తే ఆవులను అమ్మేసి పట్నంలోని వృద్ధుల ఇంటికి పోతానని చెప్పినది. "ఈ వయసులో మళ్లీ పరుగెత్తలేనయ్యా ఓర్విల్. నీకేం, నీకు ట్రాక్టరు ఉంది" అన్నది. గడ్డి మేమందరం తలా కాస్త ఇచ్చాము గనుక ఆవులకు లోటు లేదు. కాని ఆమెకు నిద్ర లేదు. గాలి వీస్తే లేచి కిటికీ దగ్గర కూర్చుంటున్నది. ఆమె ఇంట్లో దీపం వెలిగితే మా ఇంటికి కనబడుతుంది.

ఆమె వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు. కారణం ఈ అర్జీకి సంబంధించినది కాదు.

రేడియోలో చెప్పిన ప్రకారం శనివారం దక్షిణపు గాలి గంటకు యాభై మైళ్లు. వాన సూచన లేదు. నీళ్ల ట్రక్కు కోళ్లగూడు మీద నుంచి లాగి వాకిట్లో పెట్టాను. తొట్టి నిండుగా ఉన్నది. పంపు పని చేస్తున్నది. తాళంచెవి ఒక్కటే లేదు.

8. కావున తమరు దయతో (అ) పదిహేడో మేకు మీది తాళంచెవిని శనివారం లోపల ఇప్పించవలెనని, (ఆ) నీళ్ల ట్రక్కులకు ఈ నియమం వర్తించదని ఒక్క వాక్యం వ్రాయించవలెనని, (ఇ) డెప్యూటీ పోల్ గారికి కొత్త బూట్లు ఇప్పించవలెనని ప్రార్థన. యజమాని సంతకం తప్పనిసరి అయితే, మా అన్న సంతకం తేవడం నా చేతిలో లేదు. దానికి బదులుగా మా దారిలోని ఎనిమిది కుటుంబాలవారు ఈ కాగితం వెనక సంతకాలు చేశారు. గస్ రెండుసార్లు చేశాడు. ఒకటి కొట్టివేశాను.

ఇదంతా తమరు తీరికగా కాక, శుక్రవారం లోపలనే చిత్తగించవలెను.

తమ విధేయుడు, తమ తండ్రిగారికి పొరుగువాడు, ప్రతి ఎన్నికలోనూ తమ వోటరు,
ఓర్విల్ కుచెరా

తా.క.: డెప్యూటీ గారి కారు మొదటి తాళంచెవి ఆదివారం దొరికినది. అర్లీన్ రబ్బరు బూటులో ఉన్నది. మంట లేచిన నాటి నుంచీ ఆమె అది బొటనవేలి వాతం అనుకుని దాని మీదే నడుస్తూ వచ్చినది. నేను దానికి చీటీ కట్టి మా వంటింటి గోడకు మేకు కొట్టి తగిలించాను. మా గోడకు ఉన్నది ఒక్కటే మేకు గనుక నంబరు వెయ్యలేదు.

తాళంచెవి కోసం డెప్యూటీ గారు నిన్న వచ్చారు. ఆ కారు ఎవరి పేరు మీద ఉన్నదని అడిగాను. షెరీఫ్ గారి పేరు మీద అన్నారు. అయితే ఆమెకు ఇవ్వడానికి వీలు లేదని, యజమాని స్వయంగా వచ్చి, కాఫీ తాగి, అయిదు నిమిషాలు కూర్చుని వినాలని చెప్పాను. "అది మా నియమమే కదా" అన్నారు. అవునన్నాను. ఆమె అభ్యంతరం చెప్పలేదు.

శుక్రవారం అర్లీన్ బన్నులు చేస్తానన్నది. జైలువాటి కంటే బాగుంటాయి. హితవు చెప్పేది కూడా ఆవిడే, కాబట్టి అయిదు నిమిషాల్లో అవుతుందని నేను మాట ఇవ్వలేను. తమరు ఎలాగూ వస్తారు గనుక, వచ్చేటప్పుడు పదిహేడో మేకు మీదిది జేబులో వేసుకుని రండి. ట్రక్కు ఎక్కడుంటుందో తమరికి తెలుసు.

కారు వాకిట్లో ఆపి తాళంచెవి దానిలోనే ఉంచండి. మా దారిలో ఎవరికి ఎప్పుడు అవసరం పడుతుందో చెప్పలేము.