లిడియా కోరిన ప్రార్థన

ఫాల్ రివర్

తమ్ముడు దువార్తేకి,

ఫాతిమా మాత నిన్ను చల్లగా చూడాలి. ఫోనులో నన్ను చెప్పనివ్వవు, అందుకే రాస్తున్నాను.

సాకర్ అకాడమీలో చేరితే నీ కూతురు లిడియా ఇక స్కూలు జట్టులో ఆడకూడదట. శుక్రవారం అకాడమీ కాగితాల మీద సంతకం పెడతానన్నావు. పెట్టకు.

ఆదివారం చర్చిలో లిడియా నా పక్కన మోకరించి, "అత్తా, నా కాలు విరగాలని ప్రార్థించవూ?" అంది.

"అవేం మాటలే, పిచ్చిదానా!"

"విరిగితే అకాడమీ వాళ్లే వద్దంటారు, నాన్న తిట్టడు. నేను మా స్కూలు జట్టు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుంటా."

నవ్వుతూనే అంది. నేను అలా ప్రార్థించలేదు. తను మళ్లీ అడగలేదు.

నిన్న బడి నుంచి మా ఇంటికొచ్చి, మేడమెట్ల మీద నుంచి దూకుతోంది. దూకిన ప్రతిసారీ ఇంకో మెట్టు పైకెక్కుతోంది.

"ఏం చేస్తున్నావే?"

"ప్రాక్టీసు, అత్తా."

మేడ తలుపుకు తాళం వేశాను. మీ ఇంట్లోనూ మెట్లున్నాయి, దువార్తే.

మీ కోసం ప్రార్థిస్తూ,
అక్క