పాలతో వేసే కంచె

అమ్మకు ఖేతా దండాలు. ఇక్కడ అడవి దగ్గర నాకు జ్వరం తగ్గింది, బెంగపడకు.

ఇసుక మింగకుండా మిగిలిన మన అమ్మవారి ఓరణ్ అడవిని కాపాడ్డానికి డబ్బిచ్చిన పట్నంవాళ్లు, దాంతో ముళ్లతీగ కంచె వేయిస్తామన్నారు. మన ఊరి పెద్ద జేఠా తాత ఒప్పుకోలేదు. "తీగకి తగులుకుని జింకలు చస్తాయమ్మా. ఆ డబ్బుతో పూడిన కుంట తవ్వించు. కంచె మేం పాలతో వేసుకుంటాం" అన్నాడు. వాళ్ల ఆఫీసరమ్మ నవ్వింది. అమ్మవారి పేర పాలధార పోసిన గీత లోపల మనవాళ్లెవరూ పుల్ల కూడా విరవరని చెప్తే, నవ్వు మానేసి కుంటకే ఒప్పుకుంది.

ఇంటింటి పాలూ కలిపి పోసే ధార ఏకాదశికి. ఎర్రావు పాలిస్తోందా? నాన్న దగ్గు ఎలా ఉంది? నాలుగు సజ్జరొట్టెలూ చెంబెడు పాలూ ఎవరితోనైనా పంపు. పిల్లలకు ఆశీస్సులు.

పాలు మాత్రం మరిచిపోకు. మన ఇంటివి కలవకపోతే, ఆ కంచెలో మన పేర ఒక సందు మిగిలిపోతుంది.